నా బరువులో సీసం

ఇప్పుడు నా బరువు ముప్ఫై ఆరు కిలోలు. ఇందులో ఒక్క గ్రాము కూడా అబద్ధం లేదు. వయసు పద్దెనిమిది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు "ఏ క్లాసు పాపా?" అని అడుగుతారు. ఏడో తరగతి అని చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తాను. నిజం చెబితే మొదటినుంచీ చెప్పాలి. ఇక్కడ మొదటినుంచీ చెబుతాను. పిల్లలకి రక్తం ఎక్కించడానికి తీసుకెళ్ళే తల్లులెవరైనా చదివితే పనికొస్తుంది. పనికిరాకపోయినా నేను చెప్పాల్సింది ఒకటుంది.

నా జబ్బు తలసీమియా. ఒంట్లో తయారయ్యే రక్తం నిలవదు. మూడు వారాలకోసారి ఎవరో ఇచ్చిన రక్తం ఎక్కించుకుంటే అందరిలా తిరుగుతాను. లేకపోతే గోడ పట్టుకుని నడుస్తాను. మా ఊరు ఉద్దానంలో, సముద్రం ఒడ్డున. ఊరందరిదీ చేపల వేటే. అక్కడ ఎవరి మొహం పాలిపోయినా, ఎవరి కాళ్ళు వాచినా కిడ్నీ అంటారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. నాకు ఏడాది నిండకముందే ఒళ్ళు తెల్లబడిపోతే మామ్మ, అంటే మా నాన్న తల్లి, నా కనురెప్ప కిందికి లాగి చూసి తేల్చేసిందట.

"దీనికీ వొచ్చీసినాది. ఆస్పత్రులెంట తిప్పి పాణం విసిగించకండి. పాలు పట్టండి. ఉన్నన్నాళ్ళుంటాది."

అమ్మ వినలేదు. నన్ను భుజాన వేసుకుని శ్రీకాకుళం, అక్కడినుంచి విశాఖపట్నం వెళ్ళి, జబ్బు పేరు తెలుసుకుని వచ్చింది.

"కిడ్నీ కాదత్తా. రగతం ఎక్కిత్తే బతుకుతాది."

"ఎన్నాళ్ళు ఎక్కించాల?" అని మామ్మ అడిగింది. అమ్మ నన్ను ఒక భుజం మీదినుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

కిడ్నీ వచ్చింది నాన్నకి. నేను రెండో తరగతిలో ఉండగా ఒకరోజు వేటనుంచి వచ్చి, వల కూడా దించకుండా వాకిట్లో కూలబడ్డాడు. ఆ తర్వాత మళ్ళీ పడవ ఎక్కలేదు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. తాగే నీళ్ళకి కొలత. అమ్మ పొద్దున్నే ఒక సీసాలో నాన్న నీళ్ళు పోసి మూత పెట్టేది. రోజంతటికీ అవే. ఎండాకాలం నాన్న ఆ సీసాని తాగకుండా చెంపకి ఆనించుకుని కూర్చునేవాడు.

నేను రక్తం ఎక్కించుకునే ఆసుపత్రి ఇంకో దారిలో, టెక్కలి వైపు. రెండు చోట్లకీ అమ్మ ఒక్కతే. డయాలసిస్ లేని రోజుల్లో ఆమె జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్ళేది. నేను మూడో తరగతికి వచ్చేసరికి, నా రోజూ నాన్న రోజూ ఒకటైనప్పుడల్లా మామ్మే నన్ను తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. తెల్లవారుతూనే అమ్మా నాన్నా ఆటోలో పలాస వెళ్ళిపోయేవారు. మామ్మ నాకు తల దువ్వి, పావడా కట్టి బయల్దేరదీసేది.

అక్కడ ముందు బరువు చూస్తారు. ఒకసారి రక్తం సంచిలో సగానికి పైగా ఉండగానే సిస్టర్ ఆపేసింది. మామ్మకి కోపమొచ్చింది.

"అదేటమ్మా, అంతా ఎక్కించవా? మిగిలింది ఏటి సేత్తారు, అమ్ముకుంటారా?"

"పెద్దవాళ్ళకైతే సంచి మొత్తం ఎక్కిస్తాం, మామ్మా. పిల్లలకి అలా కాదు. కిలోకి ఇంత అని లెక్కుంటుంది. నీ మనవరాలు పదహారు కిలోలు. దానికి సరిపడా ఎక్కించేశాం. ఎక్కువైతే గుండె తట్టుకోలేదు."

సిస్టర్ చెప్పినదాంట్లో చివరి మాట మామ్మ చెవిన పడలేదు. బరువుని బట్టి రక్తం ఇస్తారన్నది మాత్రం పడింది. తిరుగు బస్సులో వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటూ కూర్చుంది. దిగేముందు నన్ను కిందికీ మీదికీ చూసి, "ఓలమ్మ, ఎంత బక్కగున్నావే," అంది.

నాన్న వలలు చూరుకి వేలాడుతూ ఉండేవి. వల నీళ్ళలో మునగడానికి అంచుల్లో సీసపు గుళ్ళు కడతారు. మళ్ళీ నా వంతు వచ్చిన రోజున అమ్మావాళ్ళు వెళ్ళిపోయాక, మామ్మ ఒక పాత చీర పేలిక తెచ్చింది. అందులో సీసపు గుళ్ళు వరసగా పెట్టి కుట్టి ఉన్నాయి. దాన్ని నా నడుముకి చుట్టి, పైన పావడా కట్టింది. చల్లగా, బరువుగా ఉంది.

"ఎందుకు మామ్మా?"

"బరువుంటే రగతం ఎక్కువిత్తారంట. ఎక్కువెక్కితే మళ్ళీ బేగి ఎల్లక్కర్నేదు. నీకూ సూదులు తగ్గుతాయి, మీ అమ్మకీ ఓ పనిరోజు మిగుల్తాది. దానికి సెప్పకు, నవ్వుతాది."

సూదులు తగ్గుతాయంటే నాకు సంతోషం వేసింది. నా చేతుల మీద నరం దొరక్క ఒక్కోసారి నాలుగైదు చోట్ల గుచ్చేవారు. యంత్రం మీద నిలబడి ఊపిరి బిగబట్టాను. పద్దెనిమిది. డాక్టరు గారు చూసి ఆనందపడ్డారు.

"శభాష్! ఏం పెడుతున్నారమ్మా పిల్లకి?"

"సేపలు బాబూ. మా ఇంట్లో ఇంకేటుంటాయి," అంది మామ్మ.

ఆ మాట ఇంటికొచ్చింది. అమ్మ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. మంచం మీదినుంచి నాన్న, "నా గుంట నిలబడిపోనాది, ఇంక బెంగనేదు," అన్నాడు. ఆ రాత్రి అమ్మ తన వాటా గుడ్డు కూడా నాకే పెట్టింది. మామ్మ గోడకి ఆనుకుని కూర్చుని నవ్వుతూ చూస్తోంది.

పేలికలో గుళ్ళు పెరుగుతూ వచ్చాయి. కాగితం మీద నేను పెరుగుతున్నాను. గౌన్లు మాత్రం పాతవే సరిపోయేవి. ఆ సంగతి అమ్మ గమనించలేదు. ఆమెకి ఎవరి గౌను వైపూ చూసే తీరిక లేదు. "ఈసారి ఎక్కువెక్కింది కదా, ఇంకో వారం ఆగుదాం," అని మామ్మ అంటే అమ్మ కాసేపు ఆలోచించి సరేననేది. డాక్టరే బాగుందన్నాడు కదా మరి. మూడు వారాలు నాలుగయ్యాయి, తర్వాత ఐదు. నాలుగో తరగతి పరీక్షలప్పుడు బడికి వెళ్తూ దారిలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. మామ్మ ఎండ దెబ్బ అంది.

ఆ వేసవిలో ఒక రోజు మామ్మా నేనూ బయల్దేరాం. అప్పటికి ఆరు వారాలు దాటిపోయింది. నాకు రెండు రోజులుగా దగ్గు. ఎన్నాళ్ళయిందని సిస్టర్ అడిగితే మామ్మ "నెల కాలేదమ్మా" అంది. ఎప్పుడూ చూసే డాక్టరు సెలవులో ఉన్నారు. వార్డు కిటకిటలాడుతోంది. బరువు చూశారు, లెక్కకట్టారు, సంచి తగిలించారు.

సంచి సగం అయ్యేసరికి దగ్గు ఆగకుండా వచ్చింది. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. లేచి కూర్చుంటే గొంతులో గురగుర. అల నోట్లోకి కొట్టినప్పుడు ఎలా ఉంటుందో సముద్రం పక్క పిల్లలకి తెలుసు. ఇది అలాగే ఉంది, కాకపోతే ఆ నీళ్ళు లోపలినుంచి వస్తున్నాయి. "మామ్మా" అని పిలవడానికి నోరు తెరిస్తే నురగ వచ్చింది. సిస్టర్ పరుగున వచ్చి రక్తం ఆపేసింది. ఎవరో నా బట్టలు కత్తెరతో కత్తిరించారు. పేలిక ఊడి నేల మీద పడి చప్పుడైంది. వార్డంతా ఆ చప్పుడు వింది.

అమ్మ పలాసనుంచి వచ్చేసరికి నా మొహానికి ఆక్సిజన్ మాస్క్ ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాను. నాన్నని డయాలసిస్ మంచం మీదే వదిలేసి వచ్చిందట. ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే సిస్టర్ ఆ పేలికని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"ఇదేంటి? నీ కూతురి నడుముకి కట్టింది ఎవరు?"

అమ్మ దాన్ని చూసింది. అప్పటిదాకా ఆమెకి తెలియదు. ఆ గుళ్ళని మాత్రం వెంటనే గుర్తుపట్టింది. ఆ వలలు ఆమె ఎన్నిసార్లు బాగుచేసిందో.

మామ్మ మంచం పక్కనే నిలబడి ఉంది. "నాకేటి తెలుసమ్మా, ముసిల్దాన్ని," అంది. "దీని తల్లి కట్టి పంపీసినాది."

అమ్మ మామ్మ వైపు తిరిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అమ్మ సిస్టర్‌తో, "నానే కట్టాను," అంది.

నేను మాస్క్ కిందికి లాగేశాను. "కాదు. మామ్మ కట్టింది."

అమ్మ ఒక్క అంగలో వచ్చి నా చెంప మీద కొట్టింది. ఊపిరి అందక ఎగశ్వాస పడుతున్న పిల్లని కొట్టింది. "అబద్ధాలాడతావా?" అని మాస్క్ తిరిగి నా మొహానికి నొక్కి పట్టింది. నా జీవితంలో అమ్మ నన్ను కొట్టింది అదొక్కసారే.

"నువ్వు తల్లివేనా?" అంది సిస్టర్. "జైల్లో పెట్టించాలి నిన్ను." పక్క మంచాల దగ్గరి ఆడవాళ్ళు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. డ్యూటీ డాక్టరు నన్ను పరీక్షించి, అమ్మతో తల ఎత్తకుండానే మాట్లాడారు.

"సీసం ఒక్కటే కాదమ్మా. ఇన్ని వారాలు ఆపేశారు. రక్తం అంత పడిపోయాక గుండె అలిసిపోయి ఉంటుంది. అలాంటప్పుడు అసలు బరువుకి వచ్చేది కూడా ఒకేసారి ఇవ్వకూడదు, కొంచెం కొంచెంగా ఇవ్వాలి. మీరు లేని బరువు చెప్పారు, లేని తేదీ చెప్పారు. విశాఖపట్నం తీసుకెళ్ళండి. దారిలో ఏమైనా అయితే నేను పూచీ కాదు."

అమ్మ నాతోపాటు అంబులెన్స్ ఎక్కింది. తలుపు వేసేముందు మామ్మతో ఒక్క మాటే అంది. "ఆయన్ని బుధవారం పలాస తీసుకెల్లు, అత్తా. మరిసిపోకు."

విశాఖపట్నంలో మొదటి రోజులు నాకు సరిగా గుర్తులేవు. గుర్తున్నదల్లా దాహం. నాకూ నీళ్ళు కొలిచే ఇచ్చేవారు. తడి గుడ్డతో పెదాలు తుడిచేవారు. అమ్మ ఆ గుడ్డ నా నోటికి అందించి మొహం పక్కకి తిప్పుకునేది. పక్క మంచం మీద ఇచ్ఛాపురం వైపునుంచి వచ్చిన అబ్బాయి ఉండేవాడు. వాడి తండ్రి దండాసి సగం ఒడియా, సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. మా కేసు సంగతి వార్డులో అందరికీ తెలిసిపోయింది. అమ్మతో ఎవరూ మాట్లాడేవారు కాదు. దండాసి మావ మాత్రం తనకోసం తెచ్చుకున్న అన్నంలో సగం అమ్మ ముందు పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవాడు.

నేను లేచి కూర్చోగలిగిన రోజున ఊరినుంచి ఫోన్ వచ్చింది. నాన్న పోయాడు.

అమ్మ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. నన్ను పంపమంటే డాక్టర్లు కుదరదన్నారు. అప్పుడు దండాసి మావ తన కుర్చీని రెండు మంచాల మధ్యకి లాక్కున్నాడు. "ఎల్లమ్మా, ఎల్లి నీ మడిసిని సూసి రా. ఇద్దరు పిల్లల్నీ నాను సూత్తాను." అమ్మ వెళ్ళింది. ఆమె వచ్చేదాకా ఆయన ఆ కుర్చీ దిగలేదు. నాకు అన్నం కలిపి పెట్టాడు.

ఊళ్ళో జరిగింది నాకు తర్వాత తెలిసింది. మామ్మ నాన్నని పలాస తీసుకెళ్ళలేదు. "ఓ రెండుసార్లు మానీత్తే ఏటవుతాది, నీ పెళ్ళాం దమయంతి వచ్చీనాక ఎల్దాం," అందట. నాన్న దాహం దాహం అని ఏడిస్తే కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చింది. డయాలసిస్ మీదున్న మనిషికి అవి విషమని అమ్మ ఆమెకి ఎన్నోసార్లు చెప్పి ఉంది. అమ్మ ఇల్లు చేరేసరికి పెరట్లో బొండాల చిప్పలు గుట్టగా పడి ఉన్నాయట. శవం పక్కన కూర్చుని మామ్మే అందరికీ చెప్పుకుంది.

"ఇది ఉంటే సుక్కనిచ్చేది కాదు. నాను కడుపునిండా ఇచ్చీనాను. సల్లగా పోనాడు నా కొడుకు."

అని, అమ్మ వైపు చెయ్యి చూపించిందట.

"గుంటకి సీసం కట్టకపోతే నువ్వు ఇక్కడుందువు. నువ్వుంటే వాడూ ఉండేవోడు. మొగుణ్ణి సంపీసినావే."

వచ్చినవాళ్ళందరూ విన్నారు. అమ్మ ఆ చిప్పలన్నీ ఎత్తి పారబోసి, వాకిలి తుడిచి, నాన్నని సాగనంపి, ఆ మర్నాడే నా దగ్గరికి వచ్చేసింది.

ఆ అక్టోబరు తుఫానుకి మా ఇంటి కప్పు ఎగిరిపోయింది. మామ్మ తన చెల్లెలి ఇంటికి చేరింది. అమ్మ నన్ను తీసుకుని పలాస వచ్చి, జీడిపప్పు పని దొరికే చోట ఒక గది అద్దెకి తీసుకుంది. ఆరో తరగతిలో ఉండగా ఒకసారి అడిగాను, ఆ రోజు నన్ను ఎందుకు కొట్టావని. అమ్మ జీడిపిక్కల జిగురుకి పొక్కిన వేళ్ళకి నూనె రాసుకుంటోంది.

"మీ మామ్మని అక్కడ దొంగలా నిలబెట్టీత్తే అది ఇంటికెల్లేదా? మీ నాన్నని ఎవులు సూత్తారు? నీ ఎంట నానుండాల, ఆయన ఎంట అదుండాల. నాకింకెవులున్నారే?"

"అయినా నాన్న ఉండలేదు కదా," అన్నాను.

ఆ మాటకి ఎంత పదునుందో అన్నాక తెలిసింది. అమ్మ నూనె సీసా మూత పెట్టేసి పనికి వెళ్ళిపోయింది.

సీసం సంగతి బయటపడ్డప్పటినుంచి ఆసుపత్రిలో నన్ను పల్చటి గౌను ఒక్కటే ఉంచి తూచేవారు. కొత్త సిస్టర్లు వచ్చినప్పుడల్లా పాతవాళ్ళు ఏదో చెవిలో చెప్పేవారు. వాళ్ళు నా నడుము తడిమి చూసేవారు. అమ్మ అక్కడే, చేతులు కట్టుకుని, నేల చూస్తూ నిలబడేది. తల్లులకి నేను చెప్పేది ఇంతే. పిల్లని తూచేటప్పుడు చెప్పులు, స్వెట్టరు తీసేయండి. కిందటిసారి ఎప్పుడెక్కించారో ఉన్నదున్నట్టు చెప్పండి. దగ్గున్నా, ఆయాసమున్నా దాచకండి. సంచిలో రక్తం మిగిలిపోతోందని బాధపడకండి. అది మీ పిల్లకి రావాల్సింది కాదు.

కిందటేడు వేసవిలో మామ్మకి బాగోలేదంటే చూడ్డానికి వెళ్ళాను. కళ్ళు దాదాపు పోయాయి. నన్ను దగ్గరికి పిలిచి, నా నడుం చుట్టూ చెయ్యి పోనిచ్చి తడిమింది.

"ఇక్కడే కట్టీనాది మీ అమ్మ. ఒద్దే ఒద్దే అన్నాను. ఇన్నాదా? పసిగుంట తల్లీ, సచ్చిపోతాదే అన్నాను."

ఏడుస్తోంది. నటన కాదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తను చెప్పేది పూర్తిగా నమ్ముతోంది. నేను చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

అమ్మకి చెప్పాను. ఆమె చేటలోని పప్పు ఏరుతూనే, "ఏడిసిందా?" అంది.

"ఏడిసింది."

"అయితే ఒగ్గీ, అననీ. కళ్ళు నేని మడిసికి నిజం సెప్పీత్తే దాన్ని అట్టుకుని ఎక్కడ కూకుంటాది?"

మామ్మ కార్తీకంలో పోయింది. ఇద్దరం వెళ్ళాం. స్నానం చేయించడానికి ఆడవాళ్ళు గుమిగూడారు. ఉన్న ఒక్క కోడలూ అమ్మే. చెంబుతో నీళ్ళు ఆమే పోస్తోంది. వెనకనుంచి ఒకామె నా భుజం మీద చెయ్యేసి, అమ్మకి వినబడేలాగే, "సీసం కట్టినా తల్లి తల్లే కదమ్మా. మనసులో పెట్టుకోకు," అంది.

ఎనిమిదేళ్ళుగా విన్న మాట. ఆ రోజు మాత్రం ఊరుకోలేకపోయాను.

"సీసం కట్టింది మా అమ్మ కాదు. ఇదిగో, ఈ పడుకున్న మామ్మ."

ఒక్కసారిగా అందరూ నా మీద పడ్డారు. "సచ్చినదాని మీద నెట్టీత్తావా? ఆ మాట సెప్పడానికి నోరెలాగొచ్చిందే నీకు? కన్నోళ్ళు నేర్పిందే కదా!" నేను అమ్మ వైపు చూశాను. ఒక్క మాట చాలు. ఇప్పుడింక కాపాడాల్సిన వాళ్ళెవరూ లేరు. నాన్న లేడు, మామ్మ లేదు.

అమ్మ చెంబు కింద పెట్టలేదు. "గుంటకి ఒంట్లో బాగునేదు. రగతం ఎక్కించుకునే రోజు దగ్గర పడింది, ఏదో అంటోంది. నీళ్ళు సల్లారిపోతన్నాయి, కానియ్యండి," అంది.

సాయంత్రం పలాస ఆటోలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. జీడితోటలు దాటాక అమ్మ, నా వైపు చూడకుండా, "ఇంకెప్పుడూ ఎవుల్తోనూ అనకు," అంది.

అననని మాటిచ్చాను. రాయనని ఇవ్వలేదు.